లాంజ్‌లో అరటి గెల, సీట్లో తువ్వాలు

రైలు స్టేషన్లలో ఇప్పుడు లాంజ్ అని ఒక గది ఉంటోంది. టికెట్టు కొన్నవాళ్ళందరూ కూర్చునే గది కాదది. చల్లగాలి, మెత్తటి కుర్చీలు, అడక్కుండానే వచ్చే టిఫినూ ఉండే వేరే గది. మా మామిడికుదురులో చాలామందికి ఈ సంగతి తెలియదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు, మా కోనసీమలో రైలే తిరగదు. వస్తోంది, వస్తోంది అని నా చిన్నప్పటినుంచీ వింటున్నాం. కాబట్టి వెళ్ళి చూసి వచ్చినదాన్నిగా, చూడనివారికి చెప్పడం నా వంతు అనుకున్నాను.

అలాగని నాకు రైళ్ళ గురించి బొత్తిగా తెలియదనుకోకండి. నేను బట్టలు కుడతాను. పదో తరగతితో బడి ఆగిపోయింది కానీ, మధ్యాహ్నం మిషను ఆపి రోజూ లైబ్రరీకి వెళ్తాను. మా లైబ్రరీలో మూడో బీరువాలో రైల్వేల మీద లావుపాటి పుస్తకం ఉంది. అది రెండుసార్లు చదివాను. బ్రాడ్ గేజికీ మీటర్ గేజికీ తేడా, సిగ్నలు చెయ్యి వాలితే దాని భావం, గార్డు పచ్చజెండా ఎప్పుడు ఊపుతాడు, అన్నీ తెలుసు. రైలు ఎక్కడం ఒక్కటే మిగిలింది.

ఎక్కాల్సిన పని మా ఆడపడుచు నాగమణి వల్ల వచ్చింది. కువైట్‌లో ఇంటిపని చేస్తూ ఆరేళ్ళ తర్వాత తిరిగి వస్తోంది. హైదరాబాదులో దిగుతుంది. ఫోన్లో ఒకటే మాట చెప్పింది.

"వదినా, ఇక్కడ దిగిన రోజున ఎవరో నా పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డారు. ఆ అట్ట వెనకాల నడిచి వెళ్ళేను. మళ్ళీ అలా నడవలేను. అక్కడ గుమ్మంలో నాన్న కనిపించాలి. కనిపిస్తేనే బయటికొస్తాను."

మా ఆయన దోహాలో డ్రైవరు, సెలవు దొరకలేదు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. కాబట్టి మావయ్యగారూ నేనూ బయల్దేరాం. ఇద్దరికీ లాంజ్ ప్రవేశం ఉన్న బ్యాంకు కార్డు మా ఆయన నా పేరు మీద తీసి పంపారు.

మావయ్యగారి గురించి ఒక్క మాట చెప్పాలి. పాశర్లపూడి దగ్గర వంతెన పడకముందు ఆయన అక్కడి రేవులో పంటు నడిపేవారు. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిస్తే అది పంటు. మనుషులూ సైకిళ్ళూ పాలబిందెలూ అన్నీ దాని మీదే ఏరు దాటేవి. వంతెన వచ్చింది, పంటు పోయింది, మావయ్యగారికి మాత్రం ఆ పద్ధతులు పోలేదు.

అమలాపురం

బస్టాండులో రాజమండ్రి బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే మావయ్యగారు భుజం మీది తువ్వాలు తీసి కిటికీలోంచి సీటు మీద వేశారు. మా వైపు ఇది చట్టం కన్నా గట్టిది. తువ్వాలు పడిందంటే మనిషి కూర్చున్నట్టే. ఆ సీటు దగ్గరికి ఒకాయన వచ్చి, తువ్వాలుని చూసి, "ఎవరిదండీ ఇది?" అని అడిగి, ఎవరూ పలక్కపోయినా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"మరి రైల్లో ఎలాగమ్మాయ్? కిటికీలు తెరుచుకోవంటగా?" అన్నారు మావయ్యగారు.

"రైల్లో సీటు నంబరుంటుందండి మావయ్యగారూ. తువ్వాలు అక్కర్లేదు."

"నంబరు కాగితం మీదుంటుంది. సీటు మీదేవుంటుంది?"

ఈ ప్రశ్నకి మా లైబ్రరీ పుస్తకంలో జవాబు లేదు.

రావులపాలెం

కొత్తపేట దాటి రావులపాలెం చేరేసరికి ఎండ ఎక్కింది. బస్సు ఆగిన కాసేపట్లో మావయ్యగారు దిగి మాయమై, భుజాన చక్రకేళి గెల పెట్టుకుని తిరిగొచ్చారు. మూడొందలట. మా ఊళ్ళో అయితే అందులో సగానికి వస్తుంది.

"ఇదెందుకండీ?"

"లాంజ్‌లో టిఫిను పెడతారన్నావు కదా. వాళ్ళింటికి చేతులూపుకుంటూ వెళ్తావా?"

"అది ఇల్లు కాదండి."

"కూర్చోబెట్టి టిఫిను పెట్టేది ఇల్లు కాకపోతే ఏవిటమ్మా?"

కండక్టరు గెలకి కూడా టికెట్టు కొట్టాలా వద్దా అని ఆలోచించి, చివరికి రెండు పళ్ళు పుచ్చుకుని ఊరుకున్నాడు.

రాజమండ్రి, లాంజ్

అద్దాల తలుపు దగ్గర నల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి నవ్వుతూ నిలబడి ఉంది. పేరు స్వప్న. కార్డు గీకింది, నా ఫోను నంబరు రాసుకుంది, "వెల్‌కం సర్" అని తల వంచింది. మావయ్యగారు గెల ఆవిడ చేతుల్లో పెట్టారు.

ఆవిడ నవ్వు కదల్లేదు కానీ మోకాళ్ళు కొంచెం వంగాయి.

"సర్, బయటి ఆహారం లోపలికి తేకూడదండి."

"తినడానిక్కాదమ్మా. మీకే."

"మేం తీసుకోకూడదు సర్."

లోపలినుంచి ఒక మేనేజరు గారు వచ్చారు. ఇద్దరూ పక్కకి వెళ్ళి మాట్లాడుకున్నారు. గెల గెలగా ఉన్నంతసేపూ సామాను, పండు కోస్తే ఆహారం అని తేల్చారు. సామాను లోపలికి రావచ్చు. సామానుకి టోకెను కట్టాలి. గెల కాడకి టోకెను కట్టి మావయ్యగారి పక్క కుర్చీలో నిలబెట్టారు. ఆ కుర్చీ ఒళ్ళు పట్టే కుర్చీ అని ఎవరూ చూసుకోలేదు. ఎవరి చెయ్యి తగిలిందో కానీ అది మొదలైంది. గెల ఒక్కటే పావుగంట సేపు ఊగుతూ ఒళ్ళు పట్టించుకుంది.

నేను ఈలోగా గోడల మీద రాసినవన్నీ చదివాను. మావయ్యగారూ స్వప్నా మాత్రం ఒక పీటముడిలో పడ్డారు. దాన్ని కాస్త వివరంగా చెప్పాలి.

మా వైపు ఎవరైనా "ఇంకొంచెం వేసుకోండి" అంటే మొదటిసారి వద్దనాలి, రెండోసారి పుచ్చుకోవాలి. పుచ్చుకోకపోతే పెట్టినవారు నొచ్చుకుంటారు. పెట్టేవారు కూడా అవతలివారి విస్తరి ఖాళీగా ఉంచకూడదు. లాంజ్ ఉద్యోగులకి ఇచ్చిన శిక్షణ కూడా అచ్చం ఇదేనట. కప్పు ఖాళీ అయితే "ఇంకేమైనా కావాలా సర్" అని అడగాలి. అడిగితే మావయ్యగారు పుచ్చుకోవాలి. పుచ్చుకున్నాక తాగెయ్యాలి. తాగాక కప్పు ఖాళీ. అడగకపోతే ఆవిడ ఉద్యోగానికి మాట, పుచ్చుకోకపోతే ఈయన మర్యాదకి మాట. టీ, కాఫీ, టమాటా సూపు, మళ్ళీ టీ. పుచ్చకాయ ముక్కలు. ఉప్మా రెండుసార్లు.

"ఇంక చాలనండి మావయ్యగారూ," అన్నాను గుసగుసగా.

"ఎలా చాలంటానమ్మా? ఆ పిల్ల మొహం చూడు, ఎంత ఆశగా అడుగుతోందో."

స్వప్న కూడా నా దగ్గరికి వచ్చి మెల్లగా, "మేడమ్, సర్‌కి షుగరు గట్రా లేదు కదండీ? నేను అడక్కుండా ఉండలేనండి, పైన కెమెరా ఉంది," అంది.

చివరికి ఆయన చెవిలో చెప్పాను, కప్పులో ఒక గుక్క మిగల్చండి అని. మిగిల్చారు. అంతటితో ముడి వీడింది. పారేయడం పాపమని ఆయనా, ఖాళీ కాలేదు కాబట్టి అడగలేక ఆవిడా, ఇద్దరూ ఆ గుక్క వైపు చూస్తూ కూర్చున్నారు.

మా బండి వేళకి స్వప్న ఒక పలక తెచ్చి ముందు పెట్టింది. దాని మీద నవ్వే బొమ్మ, మామూలు బొమ్మ, ఏడ్చే బొమ్మ. మా సేవ ఎలా ఉందో ఒకటి నొక్కండి అంది. మావయ్యగారు మూడూ నొక్కారు.

"ఒక్కటే నొక్కాలి సర్."

"ఏడుస్తున్నవాణ్ణి వదిలేసి నవ్వేవాణ్ణి పలకరిస్తే ఏం బాగుంటుందమ్మా?"

అప్పుడు చెప్పింది, లాంజ్ అతిథులకి ప్రయారిటీ బోర్డింగ్ ఉందని, తనే మా సామాను పట్టుకుని వచ్చి అందరికన్నా ముందు ఎక్కిస్తుందని. నేను మావయ్యగారికి అర్థం చెప్పాను. పెద్దవాళ్ళనీ, పిల్లల తల్లుల్నీ, నడవలేనివాళ్ళనీ, ప్రత్యేక అతిథుల్నీ ముందు ఎక్కించే పద్ధతి అని. నా జ్ఞానానికి నేను గర్వపడిన ఆఖరి క్షణం అదే.

"ఓస్. మన పంటు పద్ధతే కదా," అన్నారాయన.

ప్లాట్‌ఫారం

పంటు పద్ధతి ఇది. ముందు బాలింతలూ ముసలివాళ్ళూ. తర్వాత పాలబిందెలు, ఎందుకంటే పాలు విరుగుతాయి. తర్వాత పెళ్ళివారు. తర్వాత సైకిళ్ళు. తాడు విప్పేవాడు అందరికన్నా ఆఖరున ఎక్కాలి. ఎక్కేముందు గట్టు వైపు తిరిగి "ఇంకెవరైనా ఉన్నారా అండోయ్!" అని కేకెయ్యాలి. ఎవరైనా పలికితే, ఎంత దూరాన ఉన్నా, పంటు కదలకూడదు.

బండి తెల్లగా, మెరుస్తూ వచ్చి ఆగింది. స్వప్న మమ్మల్ని తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, "ముందు మీరెక్కండి సర్," అంది. నేను సంచులతో ఎక్కాను. కిటికీ పక్కన మావయ్యగారి సీటు చూసుకుని, ఆయన అడిగిన ప్రకారం తువ్వాలు పరిచాను. వెనక్కి చూస్తే ఆయన లేరు.

ఆయన కిందే ఉన్నారు. తలుపు పక్కన నిలబడి, "రండమ్మా, పిల్లతల్లి ముందు. మీరాగండి బాబూ, కుర్రాళ్ళు మీరు. ఆ అమ్మగారికి చెయ్యివ్వండి," అంటూ బోగీ అంతటినీ ఎక్కిస్తున్నారు. జనం కూడా విచిత్రంగా మాట విన్నారు. అంత క్రమంగా ఆ స్టేషన్లో ఏ బోగీ నిండి ఉండదు.

"సర్, మీరెక్కండి సర్! రెండు నిమిషాలే!" అంటోంది స్వప్న.

"పంటువాడు ముందెక్కడవేంటమ్మా, నవ్వుతారు," అని, మావయ్యగారు ప్లాట్‌ఫారం వైపు తిరిగి గొంతెత్తారు. "ఇంకెవరైనా ఉన్నారా అండోయ్!"

ఎక్కడో టీ దుకాణం దగ్గర నుంచి ఒక గొంతు, "ఉన్నానండోయ్! ఆగండాగండి!" అంది.

లావుపాటి ఒకాయన పెట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. మావయ్యగారు ఆయన పెట్టె అందించి, వీపు మీద చెయ్యేసి ఎక్కించారు. తృప్తిగా పంచె సర్దుకుని, తను ఎక్కడానికి కాలెత్తారు.

తలుపులు వాటంతటవే మూసుకున్నాయి.

మా లైబ్రరీ పుస్తకంలో రైలు తలుపులు మనుషులే వేసేవారు. అద్దం అవతల మావయ్యగారు, కాలు ఇంకా సగం గాల్లో ఉండగా, మెల్లగా వెనక్కి జరిగిపోయారు. ఆయన పక్కన స్వప్న. స్వప్న చేతుల్లో అరటి గెల.

బండిలో

నా చెమటలు ఆ ఏసీలో కూడా ఆరలేదు. ఆయన ఫోను నా సంచిలోనే ఉంది. మర్నాడు పొద్దున్న నాగమణి దిగుతుంది. గుమ్మంలో నాన్న లేకపోతే దానికి నేను ఏ మొహం చూపించాలి?

ప్రయాణికుల సహాయానికి ఒక నంబరు ఉంటే దానికి చేశాను. అవతల ఒక అమ్మాయి ఎంతో ఓపికగా మాట్లాడింది.

"స్టేషన్లో ఉండిపోయారండి."

"మీ వస్తువు ఏ ప్లాట్‌ఫారం మీద ఉండిపోయింది మేడమ్?"

"వస్తువు కాదమ్మా, మావయ్యగారు."

"మేడమ్, నా దగ్గర మనుషులకి వేరే గడి లేదండి. సామాన్ల కింద రాస్తాను, స్టేషన్‌కి కబురు త్వరగా వెళ్తుంది. రంగు చెప్పండి."

"తెల్ల పంచె, నీలం గళ్ళ చొక్కా."

"లోపల విలువైనవేమైనా ఉన్నాయా?"

ఉన్నాయనే రాసుకోమన్నాను.

ఇటు చూస్తే, మావయ్యగారు ఎక్కించిన ఆ లావుపాటి ఆయన, తువ్వాలుని జాగ్రత్తగా ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, ఆయన సీట్లో సగం మీద కూర్చుని ఉన్నారు. పూర్తిగా కూర్చోవడానికి మొహమాటం. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారమట, పేరు వెంకట్రాజు గారు. టికెట్లు చూసే ఆయన వచ్చారు.

"ఇది అనకాపల్లి టికెట్టండి," అన్నారు టికెట్టు తిప్పి చూసి.

"ఆయ్, అవునండి."

"ఈ బండి అటు వెళ్ళదు. సికింద్రాబాదు వెళ్తోంది."

"ఆయ్, ఎక్కేక తెలిసిందండి."

"మరి ఎందుకెక్కేరు?"

"పిలిచేరండి."

"ఎవరు?"

"ఈవిడగారి మావయ్యగారండి. అంత పెద్దాయన అంత మర్యాదగా ఉన్నారా అండోయ్ అని పిలిస్తే, ఉండి కూడా పలక్కపోతే ఎలాగండీ?"

"ఆయనేరీ?"

"ఆయన ఎక్కలేదండి."

టికెట్లు చూసే ఆయన నా వైపు చూశారు. "ఆ సీటు మనిషి రాకపోతే ఇంకొకరికి ఇస్తానమ్మా. వెయిటింగులో ఉన్నారు."

"తువ్వాలుందండి," అన్నాను.

"తువ్వాలుంటే?"

"తువ్వాలుంటే ఉన్నట్టేనండి," అన్నారు వెంకట్రాజు గారు నాకన్నా ముందు. ఆయన విజయవాడలో దిగి వెనక్కి అనకాపల్లి వెళ్ళాలి. జరిమానా కట్టారు. పైగా నన్నే ఓదార్చారు. "మీ మావయ్యగారు కనిపిస్తే నా నమస్కారాలు చెప్పండి. నన్నెవరూ ఇంతవరకూ బండి ఆపి ఎక్కించలేదండి."

దిగేముందు తువ్వాలు మడతపెట్టి మళ్ళీ సీటు మీద పరిచి వెళ్ళారు. టికెట్లు చూసే ఆయన ఖమ్మం దాకా ఆ సీటు దగ్గరికి రెండుసార్లు వచ్చి, తువ్వాలుని చూసి, వెనక్కి వెళ్ళిపోయారు. ఆయన వాళ్ళమ్మగారిది మా పక్కనున్న తాటిపాకట, తర్వాత తెలిసింది.

ఫోను మోగింది. స్వప్న.

"మేడమ్, సర్ మా దగ్గరే ఉన్నారండి. స్టేషన్ నుంచి కబురొచ్చింది, పోయిన సామాను దొరికిందని సంతకం పెట్టేను. ఆలస్యంగా నడుస్తున్న బండొకటి ఉంది, జనరల్ టికెట్టు తీసి ఎక్కిస్తాను. పొద్దుటికల్లా చేరిపోతారు." తర్వాత గొంతు తగ్గించింది. "మేడమ్, ఆయన కప్పు మళ్ళీ ఖాళీ అయిందండి. ఏం చెయ్యమంటారు?"

విమానాశ్రయం

రాత్రి మా పిన్ని ఇంట్లో పడుకుని, సూర్యుడు వచ్చేసరికి విమానాశ్రయంలో ఉన్నాను. ఆయన జాడ లేదు. టీ రెండొందలు అన్నారు. అదే డబ్బుకి రావులపాలెంలో గెలలో మూడింట రెండు వంతులు వస్తుంది. తాగలేదు.

లోపలివారు బయటికి వచ్చేచోట అద్దాల తలుపులు, మనిషి దగ్గరికి రాగానే తెరుచుకుని, దాటగానే మూసుకుంటాయి. నిన్నటినుంచీ నాకు అలాంటి తలుపంటే ఒళ్ళు మండుతోంది. ఎదురుగా అట్టలు పట్టుకున్నవాళ్ళు వరసగా నిలబడ్డారు. నా చేతిలో మావయ్యగారి తువ్వాలు ఉంది.

నాగమణి కనిపించింది. సన్నబడింది. బండి మీద పెద్ద పెద్ద అట్టపెట్టెలు, తాళ్ళతో కట్టినవి. తలుపు తెరుచుకుంది. నన్ను చూసింది, నవ్వింది, నా పక్కన చూసింది. నవ్వు ఆగిపోయింది. అక్కడే, గుమ్మం అవతల, నిలబడిపోయింది.

"నాన్నేరీ వదినా?"

"వస్తున్నారే. వేరే బండిలో వస్తున్నారు. నువ్వు ముందు బయటికి రా."

అది కదల్లేదు. వెనక జనం పోగయ్యారు. కాపలా ఆయన వచ్చి, "మేడమ్, ముందుకు నడవండి," అన్నాడు. నేను తువ్వాలు చూపించాను. "ఇదిగో, నాన్న తువ్వాలు," అన్నాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక అడుగు వేద్దామా వద్దా అన్నట్టు బండి పిడి పట్టుకుంది.

అప్పుడు కింద రోడ్డు మలుపు దగ్గర్నుంచి, కార్ల మోతల మీదుగా, ఏటి ఆ గట్టు నుంచి ఈ గట్టుకి వినిపించే గొంతొకటి లేచింది.

"ఆగండోయ్! ఇంకొకళ్ళున్నారండోయ్!"

అట్టలు పట్టుకున్నవాళ్ళందరూ వెనక్కి తిరిగారు. నాగమణి మాత్రం వెనక్కీ ముందుకీ పోలేదు. బండిని సరిగ్గా గుమ్మం మధ్యకి తోసి, తలుపుల మధ్య నిలబడింది. తలుపులు మూసుకోబోయి, దాన్ని చూసి, తెరుచుకున్నాయి. మళ్ళీ మూసుకోబోయాయి, మళ్ళీ తెరుచుకున్నాయి.

"మేడమ్, జరగండి! తలుపు పాడవుతుంది!"

"మా నాన్న అరిచేరండి," అంది నాగమణి. "అరిచేక కదలకూడదండి."

మావయ్యగారు పరిగెత్తలేరు. పంచె ఎగ్గట్టి, వీలైనంత వేగంగా నడిచి వస్తున్నారు. వెనకాల నలుగురు కుర్రాళ్ళు పెట్టెలతో. జనరల్ బోగీలో పరిచయమైన రాజోలు కుర్రాళ్ళట, మస్కట్ వెళ్తూ, స్టేషన్ దగ్గర తాము మాట్లాడుకున్న కారులో ఎక్కించుకున్నారు. ఒకడి చేతిలో అరటి గెల కాడ. పళ్ళు దారిలో బోగీ అంతా తిన్నారు. కాడకి లాంజ్ టోకెను ఇంకా వేలాడుతోంది.

ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి ఆగారు. కూతురు ఎదురుగా. ఇద్దరి మధ్యా ఒక్క అడుగు. నేను కళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు ఎత్తాను.

"వచ్చేవా అమ్మా?" అన్నారు.

"వచ్చేను నాన్నా."

"ఉండు మరి." ఆయన దాని బండిని కొంచెం పక్కకి లాగి, తను తలుపుకి భుజం ఆనించి నిలబడ్డారు. "ముందు ఆ చంటిపిల్ల తల్లిని పంపించండి. రండమ్మా. ఆ పెద్దాయన్ని రానివ్వండి. మీరాగండి బాబూ, కుర్రాళ్ళు మీరు."

విమానం దిగినవాళ్ళంతా ఒక్కొక్కరే మా ముందునుంచి వెళ్ళిపోయారు. కాపలా ఆయన మొదట వద్దనబోయి, తర్వాత ఒక ముసలావిడ సంచి పట్టుకున్నాడు. నాగమణి తండ్రి పక్కన తలుపు రెండో రెక్కకి భుజం ఆనించి నిలబడింది. నవ్వుతోంది. దాని ముక్కు ఎర్రగా ఉంది.

లోపల హాలు ఖాళీ అయింది. ఇంక వెళ్దాం అన్నాను. మావయ్యగారు లోపలికి తిరిగి, గొంతు సవరించుకున్నారు.

"ఇంకెవరైనా ఉన్నారా అండోయ్!"

సామాన్లు తిరిగే చోటునుంచి, ఎక్కడో చాలా లోపల్నుంచి, ఒక ఆడగొంతు పలికింది.

"ఉన్నామండోయ్! పెట్టె ఇంకా రాలేదండోయ్!"

మేం ఆగాం.